అల్మారాకి నాడి దొరికిన రోజు

రక్తనాళాల వార్డులో ముప్ఫై మంచాలున్నాయి. ఆ లెక్కన అరవై కాళ్ళుండాలి. ఎప్పుడూ ఉండవు, ఏ రోజు చూసినా నాలుగో అయిదో తక్కువే. తక్కువైన వాటి గురించి అక్కడ ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. ఉన్నవాటిని ఉన్నట్టుగా ఇంటికి పంపడం ఆ వార్డు ఆశయం. ఆ ఆశయసాధనలో ఇరవై ఆరేళ్ళుగా ముందు వరసలో నిలిచినది ఏ మందూ కాదు, ఏ యంత్రమూ కాదు. ఒక నర్సు కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు.

ఆవిడ అసలు పేరు హాజరుపట్టీలో భద్రంగా ఉంది. బయట దాని అవసరం ఎవరికీ పడలేదు. డాక్టర్ల నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరికీ ఆవిడ నాడి సిస్టర్.

పాదం పైభాగాన, బొటనవేలి పక్క నుంచి చీలమండ వైపు వెళ్ళే దారిలో, చర్మం కింద ఒక రక్తనాళం కొట్టుకుంటూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి అదొకటి ఉందని కూడా తెలియదు. కాలి నాళాలు పూడుకుపోయినవాళ్ళకి ఆపరేషను చేసి రక్తానికి పక్కదారి వేశాక, ఆ దారి తెరిచి ఉందో మూసుకుందో పాదం మీద వేలు పెట్టి చెప్పాలి. నాడి తగిలితే దారి తెరిచే ఉంది. తగలకపోతే పెద్ద డాక్టర్ని పరుగెత్తించాలి. రక్తం అందని కండ ఆరు గంటలు దాటితే చావడం మొదలుపెడుతుంది. ఈ ఒక్క వాక్యాన్ని నాడి సిస్టర్ కొత్తగా చేరిన ప్రతి నర్సు చేతా మొదటి రోజే మూడుసార్లు చెప్పించేది.

ఆవిడకి ఈ విద్య నేర్పింది ఆవిడకి ముందున్న హెడ్ నర్సు. మితభాషి. ఆమె చెప్పిన పాఠమంతా కలిపితే రెండు ముక్కలు. "వేలు నొక్కకు, ఆనించు. నొక్కావంటే నీ మాట నీకే వినబడుతుంది."

చేరిన రెండో ఏడు ఒక లారీ డ్రైవరు కాలు తీసేయడానికి అన్నీ సిద్ధమయ్యాయి. ఇద్దరు డాక్టర్లు నాడి లేదన్నారు. కాలు కడగడానికి వెళ్ళిన ఈవిడ చీలమండ వెనక వేళ్ళు ఆనించి, "ఉంది సార్" అంది. వాళ్ళలో ఒక డాక్టరు పావుగంట వెతుక్కుని, చివరికి ఆవిడ వేళ్ళ పక్కనే తన వేళ్ళు పెట్టి, ఉందని ఒప్పుకున్నాడు. ఆ డ్రైవరు రెండు కాళ్ళతోనూ ఇంటికి నడిచి వెళ్ళాడు. ఇది నిజంగా జరిగింది. ముందు ముందు జరగబోయేదాన్ని బట్టి ఈ మాట కొంచెం నొక్కి చెప్పవలసి వస్తోంది.

అప్పటి నుంచి ఆ రెండు వేళ్ళకీ రాజభోగం పట్టింది. మొనలు మొద్దుబారతాయని ఇంట్లో ఆవిడ అంట్లు తోమదు, ఉల్లిపాయ తరగదు, వేడి గిన్నె ముట్టుకోదు. భర్త పుస్తకాలకి అట్టలు వేసే పనివాడు. ఆయన వేళ్ళు ఎలాగూ జిగురుకి అంకితమైపోయాయి కనుక అంట్లు కూడా వాటికే దఖలు పడ్డాయి. పెళ్ళయిన ఈ పందొమ్మిదేళ్ళుగా ఆయనవే.

"నాకు కోడలొస్తుందనుకున్నాను. రెండు వేళ్ళొచ్చాయి" అనేది అత్తగారు.

"మిగతా ఎనిమిదీ కూడా వచ్చాయి కదమ్మా" అనేవాడు ఆయన, గిన్నె అడుగు గీకుతూ.

"వచ్చి ఏం చేస్తున్నాయిరా?"

"వాటికి తోడుంటున్నాయి."

వార్డులో ఒక పద్ధతి ఉంది. నాడి దొరికిన చోట బాల్‌పెన్నుతో ఒక ఇంటూ గుర్తు పెడతారు. తరవాత డ్యూటీకి వచ్చిన నర్సు పాదమంతా వెతుక్కోకుండా నేరుగా అక్కడే వేలు పెడుతుందని. మంచి ఆలోచనే. కాకపోతే నాడి సిస్టర్ పెట్టిన ఇంటూలకి ఒక పవిత్రత వచ్చేసింది. ఒళ్ళు తుడిచేటప్పుడు కూడా వాటి జోలికి ఎవరూ పోరు. రంగు వెలిస్తే చిన్న సిస్టర్లు పైన మళ్ళీ దిద్దుతారు. అక్కడ వేలు పెట్టి ఏమీ తగలకపోతే తమ వేలినే అనుమానించుకుంటారు. ఇంకాస్త నొక్కి, ఏదో తగిలిందనిపించగానే "ఉంది" అని రాసేసి, హమ్మయ్య అనుకుని పక్క మంచానికి వెళ్తారు.

ఇటువంటి సుభిక్షమైన రాజ్యంలోకి పరిశోధన ప్రవేశించింది.

తెచ్చినది ఈవిడ దగ్గరే పని నేర్చుకున్న శిష్యురాలు. పైచదువులు చదివి, చేతిలో ఒక చిన్న యంత్రం, సంచీ నిండా కవర్లతో తిరిగొచ్చింది. అందుకని కవర్ల సిస్టర్ అయింది. యంత్రం కలంలా ఉంటుంది. మొనకి జెల్లీ పూసి పాదం మీద పెడితే, రక్తం పారుతున్న చోట హుష్, హుష్ అని చప్పుడు చేస్తుంది. పరిశోధన ప్రశ్న చిన్నదే. నర్సుల వేళ్ళు చెప్పేదీ యంత్రం చెప్పేదీ ఎంతవరకు కలుస్తాయి? మధ్యాహ్నం నర్సు వేలితో చూసి, నాడి ఉందో లేదో, నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రాసి కవర్లో పెట్టి అంటించాలి. సాయంత్రం నాలుగింటికి కవర్ల సిస్టర్ యంత్రంతో చూసి ఇంకో కవర్లో పెడుతుంది. శనివారం రెండూ విప్పి సరిచూస్తుంది.

నాడి సిస్టర్ పెద్దమనసుతో ఒప్పుకుంది. ఇందులో పరీక్ష యంత్రానికే అన్న విషయంలో ఆవిడకి గానీ వార్డుకి గానీ అనుమానం లేదు.

మొదటి శనివారం యంత్రం ఆవిడతో కలవలేదు. కవర్ల సిస్టర్ యంత్రాన్ని రిపేరుకి పంపింది. లోపమేమీ లేదని చీటీతో తిరిగొచ్చింది. రెండో శనివారమూ కలవలేదు. మళ్ళీ పంపింది. మళ్ళీ అదే చీటీ. తేడా వచ్చినవి ఇంకా ఆపరేషను కాని పాత కేసులే కావడంతో ఎవరికీ ప్రమాదం కలగలేదు, ఎవరూ కంగారూ పడలేదు.

"పోనీలేవే, కొత్తది కదా. అలవాటు పడనీ" అని యంత్రాన్ని వెనకేసుకొచ్చింది నాడి సిస్టర్.

మూడో వారం తొమ్మిదో నంబరు మంచం మీదికి గడియారాలు బాగుచేసే పెద్దాయన వచ్చాడు. ఎడమకాలికి ఆపరేషనై అయిదు రోజులైంది. షుగరు మూలంగా పాదాలకి స్పర్శ అంతంతమాత్రం. గుండెకి వాడే మాత్రల మూలంగా నాడి నెమ్మది. ఆపరేషనప్పుడు చేతి గడియారం తీసి భార్యకిచ్చేశారు. అది లేక ఆయనకి చెయ్యి బోసిపోయినట్టుండి, గోడ గడియారాన్ని అదేపనిగా చూస్తూ, అది నాలుగు నిమిషాలు వెనక నడుస్తోందని వచ్చినవాళ్ళందరికీ చెప్తుండేవాడు.

ఆ రోజు పన్నెండూ ముప్పావుకి నాడి సిస్టర్ ఆయన కాళ్ళ దగ్గర నిలబడి, తన ఇంటూ మీద తన వేళ్ళు పెట్టింది. పాదం కొంచెం చల్లగా తోచింది. పైన ఫ్యాను తిరుగుతోంది కదా అనుకుంది. కాసేపటికి నాడి తగిలింది. ఛాతీకి పిన్నుతో పెట్టుకున్న గడియారం చూస్తూ లెక్కపెట్టి, పైకే అనుకుంటూ రాసుకుంది. "ఉంది. ఎనభై నాలుగు."

"సిస్టరమ్మా, ఒక సందేహం" అన్నాడు గడియారాలాయన.

"అడగండి బాబాయిగారూ."

"ఇందాక ఆ చిన్నమ్మాయి నా చెయ్యి పట్టుకుని యాభై ఆరంది. మీరు కాలు పట్టుకుని ఎనభై నాలుగంటున్నారు."

"అయితే?"

"ఒకే గడియారంలో రెండు ముళ్ళు రెండు లెక్కల్లో తిరిగితే మేం దాన్ని కొత్త మోడలు అనమమ్మా."

"మరేమంటారు?"

"విప్పి చూడాలంటాం." ఆయన తలగడ సర్దుకున్నాడు. "అదీ కాదంటే నాకు రెండు గుండెలుండాలి. ఉంటే మాత్రం మా ఆవిడతో అనకండి. రెండోది ఎవరి కోసమని అడుగుతుంది."

చుట్టుపక్కల నాలుగు మంచాలు నవ్వాయి. నాడి సిస్టర్ కూడా నవ్వింది. నవ్వుతూనే కాగితం కవర్లో పెట్టి అంటించింది. నవ్వుతూనే సామాన్ల గది వైపు నడిచింది. గది సగం దూరంలో ఉండగా నవ్వు ఆగిపోయింది. కాళ్ళు మాత్రం ఆగలేదు.

తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా ఉన్న ఇనప అల్మారా మీద, రోగి పాదం మీద ఎలా పెడుతుందో అచ్చం అలాగే, రెండు వేళ్ళూ పెట్టింది. మూడు క్షణాలు గడిచాయి. అల్మారా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆవిడ వృత్తిధర్మం తప్పకుండా గడియారం చూసి లెక్కపెట్టింది. తొంభై రెండు. అల్మారా కొంచెం కంగారుగా ఉన్నట్టుంది. కిటికీ గట్టు మీద పెట్టింది. దానికీ తొంభై రెండే. స్పిరిటు సీసాకి నాడి కాస్త నీరసంగా ఉంది గానీ ఉంది. ఆ గదిలో రక్తప్రసరణకి లోటున్న వస్తువు ఒక్కటీ లేదు.

నొక్కావంటే నీ మాట నీకే వినబడుతుంది. ఈ పాఠాన్ని ఆవిడ ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. తను మాత్రం ఎప్పుడో నొక్కడం మొదలుపెట్టింది. స్పిరిటుకి నానీ నానీ వేళ్ళ మొనలు గట్టిపడ్డాయి. మూడేళ్ళ కింద బీపీ వచ్చి తన నాడి తనకే దడదడలాడడం మొదలైంది. మాత్రలు ఒక పూట వేసుకుంటే రెండు పూటలు మరిచిపోతుంది. నాడి సిస్టర్‌కి నాడి దొరకలేదన్న మాట ఆ వార్డులో పుట్టకూడదు కనుక, దొరికేదాకా వేలు నొక్కి పట్టింది. ఎప్పటి నుంచి? మూడేళ్ళ నుంచా, ఎనిమిదేళ్ళ నుంచా? ఎన్ని పాదాల మీద ఎన్ని ఇంటూలు? తల కొట్టేసినట్టయింది. అల్మారా మీద చెయ్యి అలాగే ఉంది. అల్మారా కొట్టుకుంటూనే ఉంది.

అప్పుడు ఆవిడకి తొమ్మిదో నంబరు పాదం గుర్తొచ్చింది. చల్లగా ఉన్న పాదం.

ఈ చోట, కథానాయిక అయినవారు వెంటనే తలుపు తోసుకుని పరుగెత్తాలి. నాడి సిస్టర్ తలుపు సందులోంచి వార్డు గోడ గడియారం చూసింది. ఒకటీ పది. నాలుగింటికి కవర్ల సిస్టర్ యంత్రం తీసుకుని వస్తుంది. యంత్రానికి ఏమీ వినబడదు. మధ్యాహ్నం ఉన్న నాడి నాలుగింటికి పోయింది పాపం అంటారు అందరూ. పక్కదారి వేసిన నాళం ఎప్పుడైనా మూసుకోవచ్చు, ఎవరి తప్పూ ఉండదు. కవర్లోని ఎనభై నాలుగు కవర్లోనే ఉంటుంది. తను నోరు విప్పక్కర్లేదు. చేయవలసిందల్లా నాలుగయ్యేదాకా ఆగడం.

ఆవిడ ఆగింది.

ఆ వార్డు ఆ తరవాతి నలభై నిమిషాల్లో ఉన్నంత శుభ్రంగా మునుపెన్నడూ లేదు. ఆవిడ కట్టుగుడ్డల చుట్టలన్నీ సైజు వారీగా సర్దింది. దుప్పటి మూలలు సరిగ్గా మడవలేదని ఒక చిన్న సిస్టర్ని మందలించింది. ఎవరూ అడగని మూడు సంతకాలు పెట్టింది. తొమ్మిదో నంబరు ముందు నుంచి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ ఎదురు గోడ మీదున్న ఎండిన పెయింటు పెచ్చుని పరీక్షగా చూసుకుంటూ. మూడోసారి గడియారాలాయన పిలిచాడు.

"టైమెంతమ్మా?"

"మీ ఎదురుగానే ఉంది కదండీ గడియారం."

"అది చెప్పేది టైము కాదు. మీ గుండెల మీదున్నది ఏమంటోంది?"

"ఒకటీ యాభై నాలుగు."

"అదీ మాట" అని తృప్తిపడి, ఆయన గొంతు తగ్గించాడు. "అమ్మా, మీరేమీ అనుకోనంటే ఒకటి చెప్తాను. పొద్దుట్నించి ఈ కాలు నాది కానట్టుంది. ఎవరో పక్కింటివాళ్ళ కాలు తెచ్చి పెట్టినట్టుంది."

"పొద్దుట్నించా? ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఉందని రాశారు కదా" అన్నాడాయన, చాలా మర్యాదగా. "ఉన్నదాన్ని పట్టుకుని లేదని మీతో వాదిస్తానా?"

నేల విచ్చుకుంటే అందులోకి దిగిపోదామనిపించిన క్షణం అది. నేల ఎప్పటిలాగే సహకరించలేదు. ఆవిడ వెనక్కి తిరిగి, వార్డులో ఎవరూ ఎరగని గొంతుతో కేకేసింది. "కవర్లమ్మాయ్, యంత్రం పట్రా."

"నాలుగింటికి కదా సిస్టర్?"

"ఇప్పుడే పట్రా."

జెల్లీ పూసి ఇంటూ మీద పెడితే యంత్రం గాలి ఊదినట్టు సన్నగా బుసకొట్టింది, అంతే. పక్కన పెట్టారు. చీలమండ వెనక పెట్టారు. హుష్ అన్న చప్పుడు ఎక్కడా రాలేదు. "పెద్ద డాక్టర్ని పిలువు" అంది నాడి సిస్టర్. ఆ తరవాత అంతా పరుగే.

రెండున్నరకల్లా గడియారాలాయన ఆపరేషను గదిలో ఉన్నాడు. నాళంలో గడ్డకట్టిన రక్తాన్ని తీశారు. పాదం దక్కింది. చిటికెనవేలూ దాని పక్క వేలూ మాత్రం మర్నాటికి నల్లబడ్డాయి. మూడో రోజు వాటిని తీసేశారు. ఎప్పుడో తెల్లవారుజామున మూసుకుని ఉంటుందని పెద్ద డాక్టరు అంచనా. "ఇంకో గంట ముందైతే ఆ రెండూ దక్కేవా సార్?" అని అడిగింది నాడి సిస్టర్. ఆయన భుజాలెగరేశాడు. "దక్కేవేమో. దక్కకపోనూ వచ్చు. నాలుగింటిదాకా ఆగి ఉంటే మాత్రం పాదమే ఉండేది కాదు. నీకు చెయ్యెత్తి మొక్కాలి."

ఇక్కడి నుంచి అసలు శిక్ష మొదలైంది. అది పొగడ్త రూపంలో వచ్చింది.

కథ వార్డులో ఎలా అల్లుకుందంటే, యంత్రానికి నాలుగింటిదాకా పని లేదు, నాడి సిస్టర్ మాత్రం రెండు కాకుండానే పసిగట్టింది. దూరం నుంచి చూసే పసిగట్టిందని ఒకరు. పెయింటు పెచ్చుని చూస్తున్నట్టు నటించి లోపల లెక్కపెట్టుకుందని ఇంకొకరు. గడియారాలాయన భార్య వచ్చి ఆవిడ కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ రెండు వేళ్ళనీ కళ్ళకద్దుకుంది.

"మీరు కనిపెట్టబట్టే ఆయన పాదం మిగిలింది తల్లీ."

"అలా అనకండి పిన్నిగారూ."

"నేననకపోతే ఎవరంటారమ్మా?"

పక్కనే మంచం మీద గడియారాలాయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. యాభై ఆరుకీ ఎనభై నాలుగుకీ తేడా తెలిసిన మనిషి ఆ గదిలో ఆయనొక్కడే. నిద్రపోతున్నాడని నమ్మడానికి ఆవిడ శాయశక్తులా ప్రయత్నించింది.

ప్రశంసాపత్రం ఇవ్వాలని ఆసుపత్రి పైవాళ్ళు నిర్ణయించారు. ఇంట్లో అత్తగారు ఆ కబురు వీధిలో ఉన్న గుమ్మాలన్నిటికీ స్వయంగా చేరవేసి వచ్చి, జీవితంలో మొదటిసారి కోడలి కంచంలో తనే వడ్డించింది.

"తిను. ఆ వేళ్ళకి బలం కావాలి."

"ఆకలి లేదత్తయ్యా."

"వేళ్ళకి వడ్డించానమ్మాయ్, నీకు కాదు. తిను."

ఆవిడ ముద్ద ఎత్తలేకపోయింది. వెనకాల భర్త కూనిరాగం తీస్తూ గిన్నెలు తోముతున్నాడు. పందొమ్మిదేళ్ళ ఆ తోముడు చప్పుడు ఆ వేళ ఆవిడకి మొదటిసారి వినబడింది.

నాలుగో రోజు పెద్ద డాక్టరు గదిలో అందరూ చేరారు. అద్దం బిగించిన ప్రశంసాపత్రం బల్ల మీద ఉంది. ఆయన గొంతు సవరించుకునేలోపు నాడి సిస్టర్ అంది, "సార్, ఆ రోజు నేనేమీ పసిగట్టలేదు. పన్నెండూ ముప్పావుకి చూసి నాడి ఉందని రాశాను. అప్పటికే లేదు. నేను లెక్కపెట్టింది నా నాడి."

గదిలో మెచ్చుకోలు గుసగుస లేచింది. "చూశారా వినయం" అంది ఎవరో. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు కూడా. సాధారణంగా మనుషులకి తమ గొప్పని నమ్మించడం కష్టమవుతుంది. ఈవిడకి తన తప్పుని నమ్మించడం అంతకంటే కష్టమైంది.

"కవర్లమ్మాయ్, ఇలా రా" అంది ఆవిడ. "నా ఎడమచెయ్యి పట్టుకుని లెక్కపెట్టు. పైకి చెప్పకు, కాగితం మీద రాయి." కుడిచేతి రెండు వేళ్ళూ పెద్ద డాక్టరు బల్ల మీద, ప్రశంసాపత్రం పక్కన పెట్టింది. ఒక నిమిషం గడిచింది. "సార్, మీ బల్లకి నాడి ఉంది. ఎనభై ఎనిమిది."

కవర్ల సిస్టర్ కాగితం తిప్పి చూపించింది. ఎనభై ఎనిమిది.

ఇప్పుడు ఎవరూ వినయం గురించి మాట్లాడలేదు. పెద్ద డాక్టరు తన చేతిని మెల్లగా బల్ల మీద నుంచి తీసేశాడు.

"రెండు శనివారాలూ అంతే సిస్టర్" అంది కవర్ల సిస్టర్, తల దించుకుని. "రోగి ఎవరైనా సరే, మీ అంకె ఎనభై నాలుగు చుట్టూనే తిరిగింది. నేను యంత్రాన్ని రిపేరుకి పంపాను."

"నన్ను పంపాల్సింది."

"మీరు నాకు నేర్పినావిడ కదా. ఎలా పంపను?"

వెనక వరసలోంచి దుప్పటి మూలల సిస్టర్ సన్నగా అంది, "మేమూ అంతే. ఆ పొద్దున ఆరింటికి నేనే చూశాను. ఏమీ తగల్లేదు. మీ ఇంటూ ఉంది కదా అని ఉందనే రాశాను." ఇంకో ఇద్దరు తలలు దించుకున్నారు. ఆ సిగ్గు ఎంతమందికి పంచినా తరగలేదు, ఎవరి వాటా వారికి నిండుగానే వచ్చింది.

అక్కడ నాడి సిస్టర్ ఒక మాట చెప్పలేదు. పొరపాటు ఒప్పుకోవడానికి గొంతు సాయపడింది. ఆ నలభై నిమిషాల దగ్గరికి వచ్చేసరికి అది మొరాయించింది. పొరపాటు వేళ్ళది. నలభై నిమిషాలూ ఆవిడవి.

వాటిని తీసుకుని ఆ మధ్యాహ్నం తొమ్మిదో నంబరు దగ్గరికి వెళ్ళింది. కట్టు విప్పి, పుండు తుడుస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. అల్మారా సంగతి, నాలుగింటి సంగతి, కట్టుగుడ్డల చుట్టల సంగతి, అన్నీ. గడియారాలాయన గోడ గడియారం వైపు చూశాడు.

"నలభై నిమిషాలా?"

"అవును. ఆ గోడ గడియారం లెక్కన."

"అది వెనక నడిచేదైనా నలభై నలభయ్యేనమ్మా." వేళ్ళు పోయిన చోటు చూపించాడు. "దానివల్లేనా, ఈ రెండూ?"

"తెలీదు బాబాయిగారూ. పెద్ద డాక్టరుకీ తెలీదు. ఎప్పటికీ తెలీదు."

"ఎనభై నాలుగు సంగతి నాకప్పుడే తెలుసు. మీరు చెప్తారో లేదోనని చూస్తున్నాను."

"మీరెందుకు చెప్పలేదు?"

"నేను చెప్తే మీరు చెప్పినట్టు కాదు కదా." ఆయన మిగిలిన మూడు వేళ్ళ వైపు చూసుకున్నాడు. "పరవాలేదని మాత్రం ఇప్పుడు అనలేనమ్మా. అనాలనే ఉంది. రావట్లేదు."

"అనకండి."

"మా ఆవిడతో నేను చెప్తాను. మీ వేళ్ళని దేవుడి గదిలో పెట్టేదాకా వచ్చింది. కాస్త మెల్లగా దింపాలి."

ఆ సాయంత్రం ఆవిడ తన చేత్తో రాసిచ్చిన నివేదికలో ఒకటీ పది నుంచి ఒకటీ యాభై దాకా ఏం చేసిందీ ఉంది, పెయింటు పెచ్చుతో సహా. ఆవిడ అంకెలు పరిశోధన నుంచి తీసేద్దామని కవర్ల సిస్టర్ మొహమాటంగా అంది. అన్నిట్లోకీ అధ్వాన్నంగా కలిసినవి అవే. "అవి తీసేస్తే ఇంకేం మిగులుతుందే? అందులో పనికొచ్చేది అదొక్కటే" అంది ఆవిడ. పట్టికలో నర్సు నంబరు ఒకటిగా ఆవిడ ఉంది. హెడ్ నర్సు కుర్చీ నుంచి ఆవిడని తప్పించారు. వార్డులో ఉండనిచ్చారు.

ఇప్పుడు అక్కడ కొత్త పద్ధతి నడుస్తోంది. ఒకరు పాదం మీద వేలు ఆనిస్తే, ఇంకొకరు రోగి మణికట్టు పట్టుకుని ప్రతి దెబ్బకీ "ఊఁ, ఊఁ" అంటారు. రెండూ కలవకపోతే యంత్రం వస్తుంది. ఏ డ్యూటీ ఇంటూలని ఆ డ్యూటీ చివర స్పిరిటుతో తుడిచేస్తారు. తుడిచే పని ఆవిడే అడిగి తీసుకుంది. నాడి సిస్టర్ అన్న పేరు మాత్రం పోలేదు. పిలిచినప్పుడల్లా ఆవిడ ముఖం ఒక్క క్షణం చిన్నబోతుంది, తరవాత పలుకుతుంది.

ఇంట్లో ఆవిడ అంట్ల దగ్గర కూర్చున్న మొదటి రోజు భర్త చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయాడు.

"వేళ్ళు జాగ్రత్తమ్మాయ్" అంది అత్తగారు, కంగారుగా.

"పదీ ఒకటేనత్తయ్యా."

అత్తగారు కాసేపు చూసి, "అడుగున మసి వదల్లేదు" అంది. కోడలితో ఆమె మామూలుగా మాట్లాడడం అదే మొదలు.

గడియారాలాయన నెలకోసారి పుండు చూపించుకోవడానికి వస్తాడు. చేతికి గడియారం ఉంది. నాడి సిస్టర్ దగ్గరికే వెళ్ళి కూర్చుంటాడు. పరవాలేదని ఇంకా అనలేదు. ఆ మాట ఆవిడా అడగలేదు. మొన్న వచ్చినప్పుడు పాదం చాపి అడిగాడు, "ఉందా?"

ఆవిడ వేళ్ళు ఆనించింది. చిన్న సిస్టర్ ఆయన మణికట్టు పట్టుకుని "ఊఁ, ఊఁ" అంటోంది. ఒకసారి కలిసినట్టే ఉంది. మరుసటి దెబ్బకి లేదు. ఇంకాస్త నొక్కితే తగులుతుందని వేళ్ళకి ఇప్పటికీ ఆశే. ఆవిడ నొక్కలేదు.

"తెలియట్లేదు బాబాయిగారూ. యంత్రం తెప్పిస్తాను."

"తెప్పిద్దురుగాని. ముందు ఆ మాట రాయండి" అన్నాడాయన, తన గడియారం చూసుకుంటూ.

ఆవిడ కలం తీసి, ఉంది, లేదు అన్న రెండు గడులకీ పక్కన ఖాళీగా ఉన్న చోట, తెలియలేదు అని గుండ్రంగా రాసింది.